క్యారియర్ స్క్వాడ్రన్లను మళ్లీ నింపడం ఎలా: వార్ ఇన్ ది పసిఫిక్ ఆటగాళ్లకు సమగ్ర మార్గదర్శి

1942 మే 8న కోరల్ సీ యుద్ధం ముగిసేసరికి జపాన్ క్యారియర్ (విమానవాహక నౌక) జుయికాకుకు ఒక్క బాంబు కూడా తగల్లేదు. అయినా నెల తిరక్కుండా మిడ్‌వే దగ్గర జరిగిన పోరులో అది కనిపించదు. ఓడ నిక్షేపంగా ఉంది, దాని మీద ఎగరాల్సిన విమానాలు, పైలట్లు తరిగిపోయారు. అదే యుద్ధంలో బాంబు దెబ్బ తిన్న అమెరికా క్యారియర్ యార్క్‌టౌన్ మాత్రం మే 27న పెర్ల్ హార్బర్ చేరింది. హడావిడిగా మరమ్మతులు చేయించుకుని మే 30కల్లా మళ్లీ సముద్రంలో ఉంది. దాని డెక్ మీద ఎక్కువభాగం సారటోగా అనే ఇంకో క్యారియర్ స్క్వాడ్రన్లే (విమాన దళాలే). సారటోగా జనవరిలో టార్పెడో తగిలి రిపేరుకు వెళ్లడంతో దాని స్క్వాడ్రన్లు ఒడ్డున ఉన్నాయి, వాటిని ఎక్కించారు. జపాన్ నౌకాదళంలో ఎయిర్ గ్రూప్, అంటే ఓడ మీది స్క్వాడ్రన్లన్నీ కలిపి, ఓడలో భాగం. అదే పోరులో దెబ్బతిన్న ఇంకో క్యారియర్ షోకాకు దగ్గర మిగిలినవాళ్లను జుయికాకుకు కలిపి పంపే పద్ధతి అక్కడ లేదు.

వార్ ఇన్ ది పసిఫిక్: అడ్మిరల్స్ ఎడిషన్ ఆడేవాళ్లకు ఈ రెండు ఓడల కథ తెలిస్తే సగం పని అయినట్టే. మ్యాట్రిక్స్ గేమ్స్ 2009లో తెచ్చిన ఈ కంప్యూటర్ యుద్ధ ఆటలో ఒక టర్న్ అంటే ఒక రోజు, ఒక హెక్స్ (మ్యాప్ మీది ఆరు పలకల గడి) 40 నాటికల్ మైళ్లు. ప్రతి పైలట్‌కూ పేరుంటుంది, అనుభవం ఉంటుంది, చావు ఉంటుంది. కొత్తవాళ్లు క్యారియర్లను ఓడలుగానే చూస్తారు. మునగకుండా కాపాడుకుంటే చాలనుకుంటారు. మొదటి పెద్ద పోరు తర్వాత స్క్వాడ్రన్ స్క్రీన్ తెరిస్తే 18 విమానాలు ఉండాల్సినచోట 5 కనిపిస్తాయి. అక్కడి నుంచి ఏం చేయాలో చెప్పడానికే ఇది.

ముందు లెక్క సరిగా చూడండి

పోరు ముగిసిన టర్న్‌లోనే కంగారుపడి నిర్ణయాలు తీసుకోవద్దు. స్క్వాడ్రన్ స్క్రీన్‌లో ఎగరడానికి సిద్ధంగా ఉన్నవి, దెబ్బతిని మరమ్మతులో ఉన్నవి, రిజర్వ్‌లో ఉన్నవి వేరువేరుగా కనిపిస్తాయి. 18కి 7 మాత్రమే సిద్ధంగా ఉన్నాయంటే మిగతా 11 పోయాయని అర్థం కాదు. వాటిలో ఐదారు హ్యాంగర్‌లో రిపేరు అవుతూ ఉండొచ్చు. ఎంత త్వరగా బాగవుతాయన్నది ఆ మోడల్ సర్వీస్ రేటింగ్ మీద ఆధారపడి ఉంటుంది. ఆ అంకె పెరిగేకొద్దీ మెకానిక్‌ల పని పెరుగుతుంది. రెండు మూడు రోజులు పోరుకు దూరంగా ఉంచితే అసలు నష్టం ఎంతో తేలుతుంది.

ఆ తర్వాత పైలట్ల జాబితా తెరవండి. విమానాల సంఖ్య, పైలట్ల సంఖ్య రెండూ ఒకేలా తగ్గవు. 1944 జూన్ 20న ఫిలిప్పీన్ సముద్రంలో జరిగింది గుర్తుంచుకోవాల్సిన ఉదాహరణ. చీకటి పడే వేళ దాడికి వెళ్లిన అమెరికా విమానాల్లో శత్రువు చేతిలో పోయినవి 20 దాకా. తిరిగి వచ్చేటప్పుడు ఇంధనం అయిపోయి నీళ్లలో దిగినవి, రాత్రి డెక్ మీద కూలినవి 80 దాకా. కానీ సిబ్బందిలో చాలామందిని నీళ్లలోంచి తీసి బతికించారు. అలాంటి స్క్వాడ్రన్‌కు కావాల్సింది విమానాలే. విమానాలతోపాటు పైలట్లూ పోయిన స్క్వాడ్రన్ సంగతి పూర్తిగా వేరు. దానికి నెలలు పడుతుంది. ఈ రెండింటినీ మొదటే విడదీసి చూడండి, ఎందుకంటే ఇక్కడి నుంచి వాటి దారులు వేరు.

అలసట, మొరేల్ (మనోధైర్యం) అంకెలు కూడా అక్కడే ఉంటాయి. విమానాలన్నీ బాగానే ఉండి అలసట ఎక్కువగా ఉన్న స్క్వాడ్రన్‌కు నింపుడు అవసరం లేదు, విశ్రాంతి చాలు. స్టాండ్ డౌన్‌లో (ఎగరకుండా విశ్రాంతిలో) పెట్టి వదిలేయండి.

పూల్‌లో ఏముందో చూసుకోండి

కొత్తగా తయారైన విమానాలు మోడల్ వారీగా పూల్ అనే నిల్వలో చేరతాయి. వైల్డ్‌క్యాట్ ఫైటర్ వేరు, డాంట్‌లెస్ డైవ్ బాంబర్ వేరు, వాటిలో ఒక్కో వెర్షన్ వేరు. మిత్రపక్షం ఆడేవాళ్లకు నెలనెలా వచ్చే సంఖ్య ఆటే నిర్ణయిస్తుంది, దాన్ని మార్చలేరు. జపాన్ ఆడేవాళ్లు ఫ్యాక్టరీలను ఒక మోడల్ నుంచి ఇంకోదానికి మార్చుకోవచ్చు, పెంచుకోవచ్చు. ఆ స్వేచ్ఛకు ఖర్చు సరుకు రూపంలో కట్టాలి.

1942 మొదటి నెలల్లో అమెరికా పూల్ చూస్తే గుండె జారుతుంది. ముఖ్యంగా డెవాస్టేటర్ టార్పెడో విమానం. అసలు చరిత్రలో ఇవి మొత్తం తయారైనవి 130, ఉత్పత్తి 1939లోనే ఆగిపోయింది. మిడ్‌వేలో మూడు క్యారియర్ల నుంచి 41 బయలుదేరితే తిరిగొచ్చి డెక్ మీద దిగినవాటిని వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. హార్నెట్ నుంచి వెళ్లిన 15లో ఒక్కటీ రాలేదు. ఆ సిబ్బందిలో బతికి బయటపడింది జార్జ్ గే ఒక్కడే. కాబట్టి డెవాస్టేటర్లు పోతే మళ్లీ డెవాస్టేటర్లే వస్తాయని ఎదురుచూడొద్దు. దాని స్థానంలో వచ్చే అవెంజర్ టార్పెడో విమానం అందేదాకా ఉన్నవాటిని పొదుపుగా వాడాలి, లేదా వాటిని గస్తీకి, వెతుకులాటకు పరిమితం చేయాలి.

జపాన్ వైపు కూడా ఇదే ఇబ్బంది, బయటికి అంతగా తెలియదు. పెర్ల్ హార్బర్‌కు ఆరు క్యారియర్లు 400కు పైగా విమానాలతో వెళ్లాయి. ఆరు నెలల తర్వాత మిడ్‌వేకు వెళ్లిన నాలుగింటి మీద ఉన్నవి 248 దాకా. అవి ఉండాల్సిన సంఖ్య కంటే తక్కువ. ఒక పెద్ద ఓటమి ఏదీ లేకుండానే ఆ లోటు వచ్చింది. మధ్యలో జరిగినవన్నీ గెలిచిన పోరాటాలే. 1942 ఏప్రిల్ 5న కొలంబో, 9న ట్రింకోమలీ మీద పెద్ద క్యారియర్లు దాడి చేశాయి. మధ్యలో 6వ తేదీన చిన్న క్యారియర్ ర్యుజో విమానాలు మన విశాఖపట్నం, కాకినాడల మీద బాంబులు వేశాయి. ఆటలో జపాన్ పక్షాన ఉంటే హిందూ మహాసముద్రం వైపు వెళ్లాలని చేతులు దురద పెడతాయి. వెళ్లండి, కానీ అడ్డుకునే ఫైటర్ ఒక్కటి లేకపోయినా దాడికి ఎగిరిన ప్రతిసారీ ప్రమాదాల వల్ల ఒకటో రెండో పోతూనే ఉంటాయి. వాటిని నింపకుండా ఇంకో పోరుకు పోతే ఆ లోటు అప్పుడు బయటపడుతుంది.

మిగతావాళ్ల కుళాయి కట్టేయండి

ఇది చాలామంది పట్టించుకోని పని. ప్రతి ఎయిర్ గ్రూప్‌కూ (ఆటలో ఒక్కో విమాన దళానికీ ఇదే పేరు) రీప్లేస్‌మెంట్స్, అంటే పూల్‌లోంచి కొత్త విమానాలు, తీసుకోవాలా వద్దా అన్న స్విచ్ ఉంటుంది. అన్నింటికీ ఆన్‌లో ఉంటే యుద్ధానికి వేల మైళ్ల దూరంలో ఖాళీగా కూర్చున్న స్క్వాడ్రన్ కూడా అదే పూల్‌లోంచి విమానాలు లాగేసుకుంటుంది. ఎగువ తూములన్నీ తెరిచి ఉంటే చివరి ఆయకట్టుకు నీళ్లు అందనట్టు, మీ క్యారియర్ రేవుకు చేరేసరికి పూల్ ఖాళీ అయిపోయి ఉంటుంది.

కాబట్టి క్యారియర్ మోడల్ విమానాలు వాడే ఒడ్డు గ్రూపులన్నింటినీ వెతికి పట్టుకోండి. మెరీన్ స్క్వాడ్రన్లు వైల్డ్‌క్యాట్‌లు, డాంట్‌లెస్‌లు వాడతాయని మర్చిపోవద్దు. ముందు వరసలో లేనివాటికి ఆఫ్ చేయండి. క్యారియర్ నిండాక మళ్లీ ఆన్ చేసుకోవచ్చు. యుద్ధమంతా ఆడే గ్రాండ్ క్యాంపెయిన్‌లో ఎయిర్ గ్రూపులు వందల్లో ఉంటాయి కాబట్టి మొదటిసారి కొంత సమయం పడుతుంది. జాబితాను మోడల్ వారీగా వడపోసుకుంటే తొందరగా అయిపోతుంది.

అప్‌గ్రేడ్ స్విచ్ కూడా చేత్తోనే పెట్టుకోవడం నయం. కొత్త మోడల్ ఎప్పుడూ మేలే అనుకోవద్దు. వైల్డ్‌క్యాట్ ఎఫ్4ఎఫ్-3కి నాలుగు తుపాకులు, ఒక్కోదానికి 450 తూటాలు. ఎఫ్4ఎఫ్-4కి ఆరు తుపాకులు, కానీ ఒక్కోదానికి 240 తూటాలే. దాని అసలు లాభం రెక్కలు మడవడంలో ఉంది. అలా మడిస్తే అదే హ్యాంగర్‌లో ఎక్కువ పడతాయి. మార్పు చేయాలంటే పోరు దగ్గర్లో లేనప్పుడు చేయండి. సగం విమానాలు పాతవి పోయి, కొత్తవి ఇంకా అందని స్థితిలో శత్రువు కనిపించడం కంటే టెన్షన్ ఇంకోటి లేదు. ఆట మొదలుపెట్టేటప్పుడు ప్లేయర్ డిఫైన్డ్ అప్‌గ్రేడ్స్ ఎంచుకుని ఉంటే ఏ మోడల్‌కు మారాలో మీ చేతిలో ఉంటుంది. లేకపోతే ఆట వేసిన దారిలోనే పోవాలి.

రేవులో నింపడం

మామూలు దారి ఇదే. క్యారియర్‌ను పెద్ద రేవుకు తెచ్చి డాక్ చేయండి. సరుకు సమృద్ధిగా ఉన్న స్థావరం కావాలి. పెర్ల్ హార్బర్, పశ్చిమ తీరపు రేవులు, సిడ్నీ, జపాన్‌లోని సొంత రేవులు అలాంటివి. ముందు వరసలోని చిన్న ద్వీపంలో ఓడ ఆపి విమానాలు రావడం లేదేమని తల పట్టుకునేవాళ్లు చాలామంది. అక్కడ సరుకే లేకపోతే ఎక్కడి నుంచి వస్తాయి? రీప్లేస్‌మెంట్స్ ఆన్ చేసి టర్న్ నడపండి, మర్నాడు ఎన్ని చేరాయో చూడండి.

ఇక్కడే సైజు చూసుకోవాలి. అమెరికా క్యారియర్ ఫైటర్ స్క్వాడ్రన్ యుద్ధం మొదట్లో 18 విమానాలది. మిడ్‌వే నాటికి 27, గ్వాడల్‌కెనాల్ నాటికి 36. 1944 చివరికి 73 అయింది, తర్వాత దాన్ని రెండుగా విడదీశారు. ఆటలో కూడా తేదీలు గడిచేకొద్దీ స్క్వాడ్రన్లు పెరుగుతాయి. ఒకటి పెరిగితే పక్కదానికి చోటు తగ్గుతుంది. ఓడ సామర్థ్యానికి మించి 15 శాతం దాకా సర్దుకుంటుంది, అది దాటితే ఆ డెక్ మీద నుంచి విమానాలు ఎగరవు. అరువు తెచ్చిన స్క్వాడ్రన్ ఒకటి డెక్ మీద ఉండగా సొంత స్క్వాడ్రన్లు నిండిపోయినప్పుడు ఈ గీత దాటడం మామూలే. బయలుదేరే ముందు ఓడ స్క్రీన్ మీద మొత్తం విమానాలను, సామర్థ్యాన్ని పక్కపక్కన పెట్టి చూసుకోండి.

పైలట్లు: అసలు పని ఇక్కడే

విమానాలను ఫ్యాక్టరీ ఇస్తుంది. మంచి పైలట్‌ను ఏ ఫ్యాక్టరీ ఇవ్వదు. మీరే తయారు చేసుకోవాలి, అదీ పోరుకు నెలల ముందు నుంచి. ఈ మార్గదర్శిలో ఒక్క భాగమే పాటించే ఓపిక ఉంటే ఇదే పాటించండి.

స్క్వాడ్రన్‌కు పైలట్లను అడిగినప్పుడు రెండు చోట్ల నుంచి రావచ్చు. రీప్లేస్‌మెంట్ పూల్‌లో అప్పుడే శిక్షణ బడి నుంచి బయటికొచ్చినవాళ్లు ఉంటారు. రిజర్వ్‌లో మీరు పక్కన పెట్టుకున్న అనుభవజ్ఞులు ఉంటారు. మొదటివాళ్లను నేరుగా క్యారియర్ మీదికి ఎక్కించడం అన్యాయం. డెక్ మీద దిగేటప్పుడే కొందరు పోతారు, దాడికి వెళ్లినవాళ్లు ఏమీ తగిలించకుండా పోతారు. పోయినవాళ్లతోపాటు విమానాలూ పోతాయి కాబట్టి మీ పూల్ మళ్లీ ఖాళీ.

పద్ధతి ఇలా పెట్టుకోండి. ప్రశాంతంగా ఉన్న వెనకటి స్థావరాల్లో కొన్ని స్క్వాడ్రన్లను శిక్షణకే కేటాయించండి. పాత విమానాలున్నా పర్వాలేదు. రీప్లేస్‌మెంట్ పూల్‌లోంచి కొత్తవాళ్లను అక్కడికి లాగి, శిక్షణ 100 శాతానికి పెట్టండి. పైలట్ నైపుణ్యాలు విడివిడిగా పెరుగుతాయి, అందుకని ఎవరికి ఏది నేర్పాలో ముందే అనుకోండి. ఫైటర్ పైలట్‌కు గాలిలో పోరాడే నైపుణ్యం, డైవ్ బాంబర్‌కు ఓడల మీద బాంబు వేసే నైపుణ్యం, టార్పెడో విమానం నడిపేవాడికి టార్పెడో నైపుణ్యం. సముద్రంలో వెతికే నైపుణ్యం బాంబర్ వాళ్లందరికీ కొంత ఉండాలి, ఎందుకంటే శత్రు క్యారియర్‌ను ముందు చూసినవాడిదే సగం గెలుపు. 70 దాటిన నైపుణ్యం ఉన్నవాణ్ని బాగా ఆడేవాళ్లు పనికొచ్చేవాడిగా లెక్కేస్తారు. అక్కడికి చేరాక రిజర్వ్‌కు పంపి, ఖాళీ అయినచోట మళ్లీ కొత్తవాళ్లను నింపండి. ఈ చక్రం యుద్ధమంతా ఆగకుండా తిరుగుతూ ఉండాలి.

క్యారియర్ స్క్వాడ్రన్‌కు పైలట్ కావాల్సినప్పుడు ఆటకు వదలకుండా మీరే జాబితా తెరిచి రిజర్వ్‌లోంచి ఎంచుకోండి. చేరడానికి కొన్ని రోజులు పడుతుంది. అందుకే ఓడ రేవుకు రాకముందే కదలిక మొదలుపెట్టడం మంచిది.

రెండో సగం పని ఆరితేరినవాళ్లను వెనక్కి తీసుకోవడం. మనసొప్పదు, తెలుసు. అనుభవం 80 దాటినవాళ్లను శిక్షణ కమాండ్‌కు పంపే వీలుంది, అక్కడ వాళ్లు కొత్తవాళ్లు త్వరగా తయారయ్యేలా చేస్తారు. ప్రతి స్క్వాడ్రన్‌లో కొందరు ఆరితేరినవాళ్లను ఉంచి, మిగిలినవాళ్లలో కొందరిని పంపండి. అమెరికా చేసింది ఇదే. 1944లో ఎయిర్ గ్రూపులను దాదాపు ఆరు నెలలకోసారి మార్చి, పాతవాళ్లను ఇంటికి పంపి, వాళ్ల చేత కొత్తవాళ్లకు నేర్పించారు. జపాన్ తన ఉత్తములను చచ్చేదాకా ముందు వరసలోనే ఉంచింది.

ఫలితం జుయికాకు చరిత్రలోనే కనిపిస్తుంది. 1942 అక్టోబర్ 26న శాంటా క్రూజ్ దగ్గర జపాన్ హార్నెట్‌ను ముంచింది, తన క్యారియర్ ఒక్కటీ మునగలేదు. కానీ 148 మంది విమాన సిబ్బంది పోయారు. జుయికాకుకు ఈసారి కూడా దెబ్బ తగల్లేదు, ఈసారి కూడా మనుషులు లేక ఇంటిదారి పట్టింది. మళ్లీ నెలల తరబడి శిక్షణ ఇచ్చి నింపారు. 1943 నవంబర్‌లో ఆ విమానాలనే తీసుకెళ్లి రబౌల్‌లో ఒడ్డున దింపారు. 173 వెళితే 121 పోయాయి, 192 మంది సిబ్బందిలో 86 మంది చనిపోయారు. 1944 జూన్‌లో తొమ్మిది క్యారియర్లు 430 దాకా విమానాలతో ఫిలిప్పీన్ సముద్రానికి వెళ్లి, రెండు రోజుల పోరు తర్వాత పనికొచ్చేవి 35 దాకా మిగుల్చుకున్నాయి. ఆ అక్టోబర్‌లో ఫిలిప్పీన్స్‌లోని లేటే పోరుకు వచ్చేసరికి జపాన్ అడ్మిరల్ ఓజవా నడిపిన నాలుగు క్యారియర్ల మీద కలిపినా 120 విమానాలు లేవు. వాటిని ఎరగా వాడుకున్నారు.

రబౌల్ సంగతి ఆటగాళ్లకు సరిగ్గా తగులుతుంది. ఏదో ద్వీపంలో ఫైటర్లు తక్కువయ్యాయని క్యారియర్ స్క్వాడ్రన్‌ను తాత్కాలికంగా ఒడ్డుకు దింపాలనిపిస్తుంది. దింపొద్దు. ఒడ్డు మీద పోరు రోజూ ఉంటుంది, క్యారియర్ పోరు ఏడాదికి మూడు నాలుగుసార్లు. ఆ మూడు నాలుగుసార్ల కోసం తయారుచేసిన పైలట్లు రోజువారీ పోరులో కరిగిపోతారు.

సముద్రంలోనే నింపడం

దీనికి అమెరికా వైపు ఎస్కార్ట్ క్యారియర్లు (చిన్న క్యారియర్లు) కావాలి. వాటి మీద పోరుకు వెళ్లే స్క్వాడ్రన్ల బదులు, పెద్ద క్యారియర్లకు విమానాలు అందించే స్క్వాడ్రన్లను పెట్టి, నింపుడు దళంగా పంపుతారు. ఈ పద్ధతి చరిత్రలో చిన్నగా మొదలైంది. 1942 ఆగస్టు 20న లాంగ్ ఐలాండ్ అనే చిన్న క్యారియర్ 31 విమానాలను, 19 వైల్డ్‌క్యాట్‌లు, 12 డాంట్‌లెస్‌లు, గ్వాడల్‌కెనాల్‌లోని హెండర్సన్ ఫీల్డ్‌కు పంపింది. రెండేళ్లు తిరిగేసరికి లేటే పోరు సమయానికి అమెరికా అడ్మిరల్ హాల్సీ వెనకాల ఉన్న సరఫరా దళంలో 34 ఆయిలర్లతోపాటు (ఇంధనం మోసే ఓడలు) 11 ఎస్కార్ట్ క్యారియర్లు ఉన్నాయి. పెద్ద క్యారియర్లు ఇంధనం తీసుకునే చోటే విమానాలను, పైలట్లను కూడా తీసుకున్నాయి.

ఆటలో కూడా ఆయిలర్లను, ఈ ఎస్కార్ట్ క్యారియర్లను కలిపి ఒకే చోట ఉంచండి. పోరు జరిగే నీళ్లకు రెండు మూడు రోజుల దూరం, శత్రువు గస్తీ విమానాలు అందుకోలేని చోటు చూసుకోండి. కాపలాకు డిస్ట్రాయర్లు తప్పనిసరి, సబ్‌మెరైన్లకు ఇంతకంటే రుచికరమైన ఎర దొరకదు. పెద్ద క్యారియర్లను అక్కడికి తెచ్చి ఒకే హెక్స్‌లో నిలిపితే పని సాఫీగా జరుగుతుంది. అవి మోసుకొచ్చే మోడళ్లు మీ స్క్వాడ్రన్లు వాడే మోడళ్లేనా అని రేవు వదిలే ముందే చూసుకోండి. కొత్త ఫైటర్ అయిన హెల్‌క్యాట్ నడిపే స్క్వాడ్రన్‌కు వైల్డ్‌క్యాట్‌లు తెచ్చి ఏం లాభం?

మొత్తం స్క్వాడ్రన్‌నే మార్చేయడం

యార్క్‌టౌన్ దారి ఇది. మీ క్యారియర్ ఒకటి నెలల తరబడి రిపేరులో ఉంటే దాని స్క్వాడ్రన్లను ట్రాన్స్‌ఫర్ చేసి ఒడ్డుకు దింపండి, శిక్షణలో పెట్టండి. రేపు ఇంకో క్యారియర్ ఖాళీగా వస్తే వీటిని ఎక్కించి, దాని అలసిన స్క్వాడ్రన్లను దింపండి. స్క్వాడ్రన్ వివరాల్లో క్యారియర్ ట్రెయిన్డ్ అని ఉందో, క్యారియర్ కేపబుల్ అని మాత్రమే ఉందో చూడండి. రెండో రకం డెక్ మీద దిగగలదు, కానీ ప్రమాదాలు ఎక్కువ. జపాన్ ఆడేవాళ్లకు ఇక్కడ చరిత్ర కట్టిన సంకెళ్లు లేవు. షోకాకులో మిగిలిన పైలట్లను రిజర్వ్‌కు పంపి జుయికాకుకు లాక్కోవచ్చు. దెబ్బతిన్న రెండు ఓడల్లోంచి పూర్తిగా నిండిన ఒక ఓడను తయారు చేయడం, సగం సగం నిండిన రెండింటిని పంపడం కంటే ఎప్పుడూ మేలే.

నిండిన వెంటనే పోరుకు పంపొద్దు

సంఖ్య నిండింది కదా అని మర్నాడే బయలుదేరకండి. వీలైతే రెండు మూడు వారాలు శత్రువు లేని నీళ్లలో తిప్పండి. కొంత శాతం శిక్షణకు, కొంత సబ్‌మెరైన్ల వెతుకులాటకు, కొంత గస్తీకి పెట్టండి. కొత్తగా వచ్చినవాళ్ల అలసట తగ్గుతుంది, మొరేల్ నిలబడుతుంది, నైపుణ్యం ఒకటి రెండు అంకెలు పెరుగుతుంది. శిక్షణలో ఒకటి రెండు విమానాలు పోవడం సహజం, దానికి సిద్ధపడండి.

చివరిగా రేవు వదిలే టర్న్‌లో ఇంకో అంకె చూడండి. క్యారియర్ స్క్రీన్ మీద ఎన్ని టార్పెడోలు మిగిలాయో ఉంటుంది. విమానాలు, పైలట్లు నింపుకునే హడావిడిలో చాలామంది దీన్ని వదిలేస్తారు. అది సున్నా అయితే ఎంత నైపుణ్యం ఉన్న టార్పెడో స్క్వాడ్రన్ అయినా బాంబులు వేసుకునే లేస్తుంది.